టపటప పడవ
(పాఠశాల వార్షికోత్సవమున విజ్ఞాన ప్రదర్శన సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ బల్లమీద నున్న వస్తువును చూచి మీలో కొందరు నవ్వుచున్నారు. నవ్వదగినదే. జానెడు పొడవు గల రేకు పడవ. ఎఱ్ఱరంగు సగము ఊడిపోయినది. విజ్ఞానశాస్త్రమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని అధ్యక్షులవారు ఆజ్ఞాపించినప్పుడు, మేము రాకెట్లను గూర్చియో కృత్రిమ గ్రహములను గూర్చియో చెప్పుదుమని వారు తలచియుందురు. మేము తెచ్చినది తెప్పతిరునాళ్లలో కొన్న బొమ్మ. దీనికి కారణము కలదు. ఈ బొమ్మ విషయమున మేము ఒకప్పుడు తరగతిలో ఒక తప్పు చెప్పితిమి. చెప్పి, ప్రశ్నించిన బాలికను కూర్చుండుమంటిమి. ఆ తప్పును ఇన్నాళ్లకు సభాముఖమున దిద్దుకొనవలెనని మా కోరిక.

పెద్దలకు ఈ పడవ క్రొత్తది కాదు. తిరునాళ్లలో వెడల్పైన పళ్లెమున నీరు పోసి, అందులో దీనిని గుండ్రముగా పరుగెత్తించుచు అమ్మువాడు కూర్చుండెడివాడు. చుట్టును పిల్లలు, పిల్లల వెనుక చేయి పట్టి లాగుచున్న తల్లులు. ప్లాస్టిక్ బొమ్మలు వచ్చిన పిమ్మట ఇది మునుపటివలె కానరాదు. దీని చప్పుడే దీనికి పేరు. మన యిండ్లలో టపటప పడవ అనుకొందుము. ఇంగ్లీషువారు పాప్‌పాప్ అనియు, పుట్‌పుట్ అనియు అందురు. జర్మనులు క్నాటర్‌బోట్ అందురు. చిటపటలాడు పడవ యని దాని అర్థము. ఏ దేశపు పిల్లవాడైనను దీనిని మొదట చెవితోనే గుర్తించెనని తోచుచున్నది.

దీని నిర్మాణము చూడుడు. పడవ నడుమ అరచేతిలో ఇమిడిపోవు చిన్న రేకు డొల్ల ఒకటి కలదు. దాని పై మూత మిక్కిలి పలుచనైన లోహపు రేకు. డొల్లనుండి రెండు సన్నని గొట్టములు పడవ వెనుకభాగమునకు పోయి, నీటి మట్టమునకు దిగువన తెరచుకొనియున్నవి. నడుచుటకు ఒక గొట్టమే చాలును. రెండవది యున్నచో ఒకదానినుండి నీరు నింపునపుడు మరియొక దానినుండి గాలి వెడలిపోవును. డొల్లక్రింద చిన్న క్రొవ్వొత్తి పెట్టుదుము. ఇంతియే. తెడ్డు లేదు, చక్రము లేదు, ప్రొపెల్లరు లేదు. తిరుగునట్టి వస్తువు ఒక్కటియు లేదు. నీటిని ఒకవైపుననే పోనిచ్చు కవాటము కూడ లేదు. ఈ చివరి మాటను జ్ఞాపకముంచుకొనుడు. చిక్కంతయు అందుండియే వచ్చినది.

థామస్ పియో అను ఫ్రెంచివాడు 1891లో ఇంగ్లండునందు ఇట్టి పడవకు పేటెంటు కోరెను. 1915లో ఛార్లెస్ మెక్‌హ్యూ అను అమెరికనుడు డొల్లకు పలుచని రేకు మూత నమర్చు పద్ధతికి పేటెంటు కోరెను. ఆ మూత లోపలి ఒత్తిడికి ఉబ్బి, మరల లోనికి నొక్కుకొనుటచేతనే మనకు ఆ గట్టి టపటప వినబడును. డొల్ల లేక, గొట్టమునే చుట్టలు చుట్టి దీపముపై నుంచు పద్ధతియు కలదు. ఇంటిలో చేసికొనువారికి అదియే సులభము, మాటు వేయవలసిన పని తక్కువ.

ఇది ఎట్లు నడచును? దీపము వేడికి డొల్లలోని నీరు ఆవిరి యగును. నీరు ఆవిరిగా మారినప్పుడు, మామూలు వాతావరణపు ఒత్తిడిలో, సుమారు వేయి ఆరువందల రెట్లు చోటు కోరును. ఆ ఆవిరి గొట్టములలోని నీటిని వెనుకకు త్రోయును. నీరు వెనుకకు పోవుటచే పడవ ముందుకు పోవును. ఇది న్యూటను మూడవ సూత్రమని ఏడవ తరగతివారు కూడ చెప్పగలరు. ఆవిరి ఇట్లు వ్యాపించి గొట్టపు చల్లని గోడలను తాకగానే మరల నీరగును. అప్పుడు లోపల ఒత్తిడి పడిపోవును. బయటి నీరు గొట్టములలోనికి ఉరికి వచ్చును. వచ్చిన నీటిలో కొంత వేడి డొల్లకు తగిలి మరల ఆవిరి యగును. ఇట్లు సెకనుకు ఎన్నోమారులు, పడవ నీటిని ఊదుచు పీల్చుచు పోవుచుండును. క్రొవ్వొత్తి ఉన్నంతసేపు దానికి అలుపు లేదు.

మేము తరగతిలో ఇంతవరకు చెప్పి, తొట్టెలో పడవను నడపి చూపితిమి. పిల్లలు చప్పట్లు కొట్టిరి. మాకును సంతోషముగనే యుండెను. అంతట మూడవ వరుసలో ఒక బాలిక లేచెను.

“అయ్యవారూ, నీళ్లు బయటికి ఊదితే పడవ ముందుకు పోతుంది, సరే. లోపలికి పీల్చుకున్నప్పుడు వెనక్కి రావాలి గదా? మరి రాదేం?”

ఈ ప్రశ్నను మేము ఎన్నడును వేసికొని యుండలేదు. ఎన్ని యేండ్లుగా ఈ పాఠము చెప్పుచుంటిమో, అన్ని యేండ్లును వేసికొని యుండలేదు. అయినను బల్లముందు నిలిచినవాడు తెలియదనుటకు అలవాటు పడడు. అందుచే అప్పటికప్పుడు ఒక సమాధానము కల్పించితిమి. నిష్కాసనము శీఘ్రగతి, చూషణము మందగతి. కావున మొదటి బలమే అధికమని చెప్పితిమి. ఆ బాలిక తన యింటి తెలుగులో ఊదుట, పీల్చుట అని అడుగగా, మేము సంస్కృతపదముల చాటున దాగికొంటిమి. ఆమె ఒక్క క్షణము ఆలోచించి, “బయటికి పోయిన నీళ్లంత నీళ్లే గదా అయ్యవారూ, తిరిగి లోపలికొచ్చేది?” అనెను. కాలము మించిపోయినదనుచు కూర్చుండుమంటిమి. గంట కొట్టుటకు ఇంకను పది నిమిషములు కలవు. అది ఆమెకును తెలియును.

ఆ రాత్రి ఇంటిలో మాకు శాంతి లేకపోయెను. దీపమార్పుచుండగా ఒక సంగతి తట్టినది. మీరును ఈ రాత్రి చేసి చూడుడు. మూరెడు దూరమున నున్న దీపమును ఊది ఆర్పవచ్చును. అంతే దూరమున నుండి గాలిని ఎంత బలముగా పీల్చినను ఆ దీపము ఆరదు, వంగనైన వంగదు. నోరు ఒకటే, గాలి ఒకటే, బలమును ఒకటే. ఐనను ఊదుట వేరు, పీల్చుట వేరు. ఊదిన గాలి ఒక కడ్డీవలె నేరుగా పోవును. పీల్చిన గాలి ముందునుండియు, ప్రక్కలనుండియు, మీదనుండియు, క్రిందనుండియు అన్ని దిక్కుల నుండి కొంచెము కొంచెముగా వచ్చి చేరును.

మరునాడు తొట్టెలో నీలిమందు చల్లి, గొట్టముతో ఊది చూచితిమి. నీలిరంగును చీల్చుకొని తెల్లని చార తిన్నగా పోయెను. పీల్చి చూచితిమి. చార లేదు, దారి లేదు. గొట్టపు మూతి చుట్టునున్న రంగు అంతయు మెల్లగా దగ్గరకు జరిగెను. పిమ్మట ఎల్-అక్షరమువలె వంచిన గాజుగొట్టమును మెత్తని రబ్బరు గొట్టమునకు తగిలించి, నీటిలోనికి వ్రేలాడదీసితిమి. ఊదగానే అది వెనుకకు తన్నుకొనెను. పీల్చినప్పుడు, మాకున్న ఊపిరియంతయు పెట్టి పీల్చినను, మొదట ఒక చిన్న కుదుపు తప్ప చలనము కానరాలేదు. మెల్లగా పీల్చుటచే కదలలేదను మా సమాధానము అక్కడనే కూలిపోయెను. మేము వేగముగనే పీల్చితిమి. నోటనిండ నీలినీరు కూడ త్రాగితిమి. మా యింటివారు రెండు దినములు ఆ నాలుకను చూచి నవ్విరి.

అయితే నిజమైన కారణమేమి? ఒక దోనెలో మీరు కూర్చున్నారనుకొనుడు. దోనెలో ఒక బియ్యపు మూట కలదు. దానిని వెనుకకు విసరితిరి. మూట పోయినది, పోవుచు తన వేగమును తనతో తీసికొనిపోయినది. దోనె ముందుకు సాగును. నీటి ఒరపిడియే దానిని ఆపవలయును. ఇప్పుడు మరియొక మూట వెనుక నీటిపై తెప్పమీద నున్నది. దానికి త్రాడు కట్టి మీవైపు లాగుకొన్నారు. లాగునంతసేపు దోనెయు మూటవైపు కొంచెము జరుగును. బాలిక అన్నది ఇంతవరకు నిజము. కాని మూట వచ్చి మీ ఒడిలో పడును. పడునప్పుడు అది దోనెను ముందుకు త్రోయును. లాగినప్పుడు పుట్టిన వెనుకటి చలనమును, ఒడిలో పడినప్పుడు పుట్టిన ముందటి త్రోపుడును ఒకదాని నొకటి కొట్టివేయును. మూట మీతో నిలిచిపోయినది, దోనెయు నిలిచిపోయినది.

పడవ విషయమును అట్టిదే. లోనికి వచ్చిన నీరు పడవను విడిచి ఎక్కడికిని పోదు. గొట్టముగుండ వచ్చి, డొల్లయొద్ద ఆగి, పడవతోకూడ పయనించును. బయటికి పోయిన నీరు మాత్రము తన వేగమును పడవకు తిరిగి ఈయక వెడలిపోవును. పోయిన నీరును వచ్చిన నీరును ఒకే కొలత. కాని పోయినది ఒకే దిక్కున పోయినది, వచ్చినది అన్ని దిక్కులనుండి వచ్చి లోపలనే ఆగినది. ఆ బాలిక రెండవ ప్రశ్నకు ఇదియే సమాధానము. అంతే నీరు తిరిగి వచ్చుననుమాట నిజమే.

ఇది చిన్నపిల్ల ప్రశ్నయని మేము ఆనాడు తలచితిమి. పిమ్మట చదువగా మేము సిగ్గుపడవలసి వచ్చినది. నీటిని చిమ్మునప్పుడు తిరిగెడి గొట్టపుచక్రము నీటిని పీల్చినప్పుడు ఎటు తిరుగునని ఎర్నెస్ట్ మాక్ అను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు 1883లో తన యంత్రశాస్త్ర గ్రంథమున చర్చించియున్నాడు. తరువాత నోబెలు బహుమానము పొందిన రిచర్డ్ ఫైన్‌మన్ విద్యార్థిదశలో ప్రిన్స్‌టన్‌లో దీనినే పరీక్షింపబోయి, ఒత్తిడి హెచ్చించుటచే పెద్ద గాజుబుడ్డిని పగులగొట్టెను. మన పడవను గూర్చియే ఫిన్నీ, కర్ల్ అను ఇరువురు 1963లో అమెరికాలోని భౌతికశాస్త్రోపాధ్యాయుల పత్రికలో వ్యాసము వ్రాసిరి. 2024లో న్యూయార్కు విశ్వవిద్యాలయమువారు మిక్కిలి సూక్ష్మముగా కొలిచి, పీల్చునప్పుడు ఆ చక్రము ఎదురుదిక్కున తిరుగుననియు, కాని ఊదునప్పటికంటె సుమారు ఏబదిరెట్లు మెల్లగా తిరుగుననియు ప్రకటించిరి. అనగా మేము ఒక బాలికను కూర్చుండుమన్న ప్రశ్న, నూటనలుబది సంవత్సరములు పండితులను కూర్చుండనీయని ప్రశ్న.

ఇప్పుడు మరియొక ప్రశ్న. ఈ సంవత్సరము ఒక విద్యార్థి అడిగినాడు; ఈమారు మేము కూర్చుండుమనలేదు. 2008లో వచ్చిన పోన్యో అను జపాను బొమ్మల చలనచిత్రమున, మత్స్యబాలిక మంత్రబలముచే ఇట్టి పడవయే పెద్దదై ఇరువురు పిల్లలను మోయును. మంత్రము లేకుండ మనము దీనిని పెద్దది చేయవచ్చునా అని అతని సందేహము.

ఈ బొమ్మను ఉన్నదున్నట్లు పెంచిన పని జరుగదు. ఆవిరి చల్లబడుట గోడలను తాకుటచేత. అన్ని కొలతలను రెట్టింపు చేసినచో గోడల వైశాల్యము నాలుగు రెట్లగును, లోపలి ఆవిరి ఎనిమిది రెట్లగును. అంత ఆవిరికి అంత గోడ చాలదు. పడవ పెద్దదైనకొలది ఊపిరి బరువెక్కును. కాని ఆవిరిబలముతో నీటిని వెనుకకు చిమ్మి నిజమైన పడవను నడపవచ్చునా యన్నచో, నడపిన మనుష్యుడు కలడు. అతని కథ ఈ బొమ్మకంటె వంద సంవత్సరములు పాతది.

అతని పేరు జేమ్స్ రమ్సీ. 1743లో అమెరికాలోని మేరీలాండున జన్మించెను. మరలు కట్టుట తెలిసినవాడు, సత్రము నడపినవాడు. 1784లో జార్జి వాషింగ్టన్‌కు, ప్రవాహమునకు ఎదురేగు ఒక పడవ నమూనాను చూపి మెప్పుపత్రము పొందెను. అది గడలతో నడచునది. పిమ్మట అతని మనస్సు ఆవిరివైపు మరలెను. నీటిని వెనుకవైపున చిమ్మిన పడవ సాగునను ఊహ అంతకుముందే డేనియల్ బెర్నౌలీ అను గణితజ్ఞునిది. బెంజమిన్ ఫ్రాంక్లిను 1785లో వ్రాసిన ఒక లేఖలో దానిని మరల ఎత్తిచూపెను. రమ్సీ దానిని కట్టి చూపెను. ఆవిరియంత్రపు ముషలకమును నీటిపంపు ముషలకమును ఒకే కడ్డీకి బిగించెను. పైది కదలిన క్రిందిది కదలును. ఒకమారు నీటిని తీసికొనును, ఒకమారు వెనుకకు చిమ్మును. మన బొమ్మవలెనే ఊదుట, పీల్చుట.

1787 డిసెంబరు 3వ తేదీన, నేడు పశ్చిమ వర్జీనియాలో నున్న షెపర్డ్స్‌టౌన్ వద్ద, పొటోమాక్ నదిలో జనులందరు చూచుచుండగా ఆ పడవ ప్రవాహమునకు ఎదురుగా సాగెను. గంటకు మూడు మైళ్ల వేగము. నడచిపోవు మనుష్యుని వేగమే, కాని త్రోయువాడు లేడు, లాగు ఎద్దు లేదు, తెరచాప లేదు. ఆ డిసెంబరు 11వ తేదీన మరల నడపి, గంటకు నాలుగు మైళ్లు సాధించెను. అదే సంవత్సరము ఆగస్టులో జాన్ ఫిచ్ అను మరియొకడు డెలవేరు నదిలో యంత్రపు తెడ్లతో ఆవిరిపడవ నడపియుండెను. ఎవరు ముందని ఇరువురును మరుసటి సంవత్సరము కరపత్రములు అచ్చువేసి దూషించుకొనిరి. మాకు ఆ తగవుతో పని లేదు. రమ్సీ ఇంగ్లండునకు పోయి అచ్చట పెద్ద పడవ కట్టించుచు, అప్పులతో పోరాడుచు, 1792 డిసెంబరులో లండనులో తన యంత్రములను గూర్చి వివరించుచున్న సభలోనే అస్వస్థుడై మరణించెను. ఆ పడవ మరుసటి సంవత్సరము థేమ్స్ నదిలో నడచెను. చూచుటకు అతడు లేడు.

తరువాత 1807లో రాబర్ట్ ఫుల్టన్ తెడ్లచక్రముతో ఆవిరి ఓడను నడపి లాభముగా నిలబెట్టెను. పిమ్మట ప్రొపెల్లరు వచ్చెను. నీటిచిమ్ము వెనుకబడెను. ఎందుకు? ఇది లెక్కతోనే తేలును, పెద్దతరగతివారు పలకమీద వేసికొనుడు. ఒక కిలో నీటిని సెకనుకు 10 మీటర్ల వేగముతో వెనుకకు విసరినను, పది కిలోల నీటిని 1 మీటరు వేగముతో విసరినను, పడవకు కలుగు త్రోపుడు ఒకటే. కాని శక్తి వెచ్చము ఒకటి కాదు. మొదటిదానికి 50 జౌలులు, రెండవదానికి 5 జౌలులు. త్రోపుడు వేగమునుబట్టి పెరుగును. వెచ్చము వేగపు వర్గమునుబట్టి పెరుగును. తెడ్లచక్రమును ప్రొపెల్లరును చాల నీటిని మెల్లగా త్రోయును. సన్నని గొట్టము కొంచెము నీటిని బహువేగముగా త్రోయును. అందుచే రమ్సీ కాల్చిన కట్టెలలో ఎక్కువభాగము నదిని కలచుటకే పోయెను. అతని ఊహ తప్పు కాదు. అతని గొట్టము సన్నము.

బ్రిటిషు నౌకాదళమువారు ఈ సంగతిని సొమ్ము పోసి పరీక్షించిరి. రూత్వెన్ అనువాని పద్ధతిని అనుసరించి 1866లో వాటర్‌విచ్ అను యుద్ధనౌకను జలమునకు దించిరి. ఆవిరియంత్రము పెద్ద పంపును త్రిప్పగా, ఓడ అడుగునుండి నీరు లోనికి వచ్చి రెండు ప్రక్కల చిమ్మును. సుమారు తొమ్మిది నాటుల వేగము వచ్చినది. దానితో పోల్చుటకు ప్రొపెల్లర్లు గల వైపర్, విక్సెన్ అను నౌకలు ఉండెను. అంత వేగమునకు ప్రొపెల్లరే చాలునని తేల్చిరి.

ఆ చిమ్ము మరల బ్రతికినది ఆవిరితో గాదు. న్యూజీలాండులో విలియం హామిల్టన్ అను పశువులమంద గల రైతు, తన ప్రాంతపు నదులు లోతు లేక ప్రొపెల్లరు రాళ్లకు తగిలి విరుగుచుండుటచే, 1954లో పెట్రోలు యంత్రముతో నీటిచిమ్ము పడవ నడపెను. 1960లో అట్టి పడవలు అమెరికాలోని కొలరాడో నదికి ఎదురెక్కినవి. నేడు వేగముగా పోవు నౌకలు పెక్కింట ఈ పద్ధతి కలదు. అది ఈనాటి విషయము కాదు, వేరొకమారు చెప్పుకొందము.

మన బొమ్మ మాత్రము లాభనష్టముల లెక్క చూడదు. క్రొవ్వొత్తి వేడిలో మిక్కిలి స్వల్పభాగమే దానికి చలనముగా మారును; తక్కినదంతయు రేకును కాచి గాలిలో కలియును. పిల్లవాని ముఖము చూచిన అది నష్టమని ఎవరును అనరు.

ఆ బాలిక సంగతి చెప్పవలెను. మేము నీలినీరు త్రాగి, సమాధానము తెలిసికొని, తరగతిలో చెప్పుదమని పోవునప్పటికి వేసవి సెలవులు వచ్చినవి. సెలవుల పిమ్మట ఆమె తండ్రికి బదిలీ అయినందున ఆమె మన బడి విడిచిపోయెను. మేము ఆఫీసు దస్త్రములో నున్న చిరునామాకు ఒక జాబు వ్రాసితిమి. అది కొంతకాలమునకు తిరిగి వచ్చినది. ఆమె తప్పు సమాధానముతో పోయినదని మాకు అంత చింత లేదు. అట్టి పిల్ల దానిని నమ్మియుండదు. అడిగినందుకు కూర్చుండుమన్నారని తలచుకొని, మరియొక బడిలో మరియొక ప్రశ్నను మ్రింగివేసెనేమో అనునదియే మా చింత. ఈ వార్షిక సంచికను పూర్వవిద్యార్థులకును పంపుదురు. ఆమె పేరు ఇచ్చట చెప్పుట లేదు. ఆమె చేతికి ఇది చేరినచో, మూడవ వరుస అనగానే తెలిసికొనును. అమ్మా, నీ మాటే నిజము: పోయిన నీళ్లంత నీళ్లే తిరిగి వచ్చును.

ఇక తొట్టెవద్దకు పోవుదము. దీపము వెలిగించుటకు ముందు గొట్టములు నిండ నీరు పోసితిమి; లేనిచో వట్టి డొల్ల కాగి మాటు ఊడిపోవును. మొదటి చప్పుడు వినబడుటకు ఒకటి రెండు నిమిషములు పట్టును, తొందరపడి రేకును తాకి చేయి కాల్చుకొనకుడు. పొట్టివారు ముందు నిలువుడు. ప్రశ్నలున్నవారు నిలిచియే యుండుడు.